తెరచాప, సీసం, మెట్లు: తార్నాక – హుస్సేన్‌సాగర్‌ల మధ్య అనుకూలిత సెయిలింగ్ చరిత్ర

1. ప్రవేశిక

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాక నుండి హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు దూరం పది కిలోమీటర్లు మించదు. తార్నాకలోను, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోను కాళ్ల వైకల్యానికి కారణాలను వెతికిన ప్రయోగశాలలు ఉన్నాయి. హుస్సేన్‌సాగర్‌లో దేశంలోనే పేరున్న తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. ఈ రెండు చోట్ల జరిగిన పని రెండు వేర్వేరు చరిత్రలుగానే నమోదయింది. చలన వైకల్యం గల వారి కోసం పడవను, దానితో పాటు పోటీ నియమాలను మార్చి నిర్వహించే అనుకూలిత సెయిలింగ్ ఈ రెండు చరిత్రలూ కలవవలసిన చోటు. ఆ క్రీడ 1996లో పారాలింపిక్స్‌లో అడుగుపెట్టి, 2016 తర్వాత బయటకు వెళ్లిపోయింది. ఆ ఇరవై ఏళ్లలో ఏ పారాలింపిక్స్‌లోనూ భారతదేశపు తెరచాప పడవ పోటీలో లేదు. తెరచాప పడవల పోటీలకు అలవాటుపడిన హైదరాబాద్ వంటి నగరం వైపు నుండి చూసినప్పుడు ఈ గైర్హాజరు అర్థమేమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

పరిభాష గురించి ఒక మాట. తెలుగులో చాలాకాలం ‘వికలాంగులు’ అన్న పదమే వ్యవహారంలో ఉంది. హక్కుల ఉద్యమాలు కూడా దానినే వాడాయి. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి ‘దివ్యాంగ్’ అనే మాటను సూచించిన తరువాత ‘దివ్యాంగులు’ ప్రభుత్వ వ్యవహారంలోకి వచ్చింది. ఈ రెండు పదాలూ అంగాన్నే చూస్తాయి. అనుకూలిత సెయిలింగ్ చరిత్రలో ప్రధాన వస్తువు అంగం కాదు, పడవ. అందువల్ల ఇక్కడ ‘చలన వైకల్యం గల వారు’ అన్న వాడుకనే స్వీకరించడమైనది.

2. తార్నాక: దేహాన్ని చదివిన విజ్ఞానం

తార్నాక పేరులోని ‘తార్’ తీగ అని, ‘నాకా’ తనిఖీ చోటు అని స్థానికంగా చెబుతారు. నిజాం కాలంలో తీగ కంచె వేసిన తోట, దాని కాపలా చౌకీ ఆ పేరుకు మూలమట. 1934లో విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ ప్రాంతానికి తరలివచ్చిన తరువాత ఈ పరిసరాలు విద్యాసంస్థలకు, పరిశోధనాలయాలకు నిలయమయ్యాయి. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థ.

ఈ సంస్థ పేరు వినగానే పోషకాహార లోపం, ఆహార పట్టికలు గుర్తుకు వస్తాయి కాని, తెలుగు నేలపై కాళ్ల వైకల్యపు చరిత్రలో దాని పాత్ర అంతకు తక్కువది కాదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటి వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని నెల్లూరు జిల్లాలో షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లోనే వర్ణించారు. నడుము వంగిపోవడం, కీళ్లు కదలకపోవడం దాని లక్షణాలు. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’ పత్రికలో వేరొక రూపాన్ని నమోదు చేశారు. ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో కౌమార వయస్కుల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే స్థితి అది. నల్లగొండ పేరు వైకల్యంతో ముడిపడడానికి ఈ పరిశోధన ఒక శాస్త్రీయ సాక్ష్యం.

ప్రాంగణం లోపల మరొక కథ ఉంది. కరువు రోజుల్లో పేదలు కేసరి పప్పును నెలల తరబడి ప్రధానాహారంగా తిన్నప్పుడు రెండు కాళ్లూ బిగుసుకొని పక్షవాతం వచ్చేది. ఆ పప్పులోని నాడీ విషాన్ని 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో వేరుచేసిన ముగ్గురిలో ఎస్.ఎల్.ఎన్. రావు ఒకరు. తరువాతి కాలంలో ఆయన ఉస్మానియా జీవరసాయన శాఖలో ఆచార్యులుగా ఆ అంశంపైనే పని చేశారు.

ఈ పరిశోధనల విలువ తగ్గించేది కాదు. వీటి వల్ల వైకల్యం కర్మఫలమన్న నమ్మకం స్థానంలో నీరు, పప్పు అనే నిర్దిష్ట కారణాలు వచ్చి నిలిచాయి. అయితే వీటి ప్రశ్న ఒక్కటే: కాలు ఎందుకు ఇలా అయింది? అలా అయిన కాలుతో మనిషి ఏమి చేయగలడన్నది ఆ ప్రయోగశాలల పరిధిలోకి వచ్చే ప్రశ్న కాదు. దానికి జవాబు చెప్పవలసినవి భవనాలు, దారులు, బస్సులు, ఆటస్థలాలు. 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించిన ఆర్ట్స్ కళాశాల భవనాన్నే తీసుకోవచ్చు. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విశ్వవిద్యాలయాలను చూసి వచ్చిన తరువాత బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ ఊహలో రూపుదిద్దుకున్న ఆ రాతి కట్టడం ముందు విశాలమైన మెట్ల వరుస ఉంది. ఉద్యమాల సభలకు, స్నాతకోత్సవ ఛాయాచిత్రాలకు నేపథ్యంగా నిలిచిన ఆ మెట్లను తెలుగు సాహిత్యం, రాజకీయ చరిత్ర ఎన్నోసార్లు స్మరించాయి. చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థి వైపు నుండి చూస్తే ఆ స్మరణకు వేరే అర్థం వస్తుంది. కట్టడం తప్పు కాదది. 1930ల నాటి ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయమూ ఆ విద్యార్థిని ఊహించలేదు.

3. పడవ: దేహం బరువుకు బదులు సీసం

ఊహించడం అనే ఆ పని క్రీడారంగంలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో మొదలయింది. లుడ్విగ్ గుట్‌మన్ 1948లో వెన్నుపూస గాయాలపాలైన సైనికులకు అక్కడ పోటీలు నిర్వహించాడు. 1960లో రోమ్‌లో తొలి పారాలింపిక్స్ జరిగాయి. తొలి దశాబ్దాల పోటీలు చాలావరకు నేలమీదివి, ఈతకొలనులోవి. తెరచాప పడవ వాటి సరసన చేరడానికి మరో ముప్పై ఆరేళ్లు పట్టింది. ఈ ఆలస్యానికి కారణం పడవ స్వభావంలోనే ఉంది.

జూలై నెల గాలుల్లో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో ప్రధానంగా కనిపించేది లేజర్ పడవ. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ రూపకల్పన చేసిన ఈ ఒంటరి పడవ పొడవు సుమారు 4.2 మీటర్లు, బరువు సుమారు 60 కిలోలు. గాలి తెరచాపను ఒకవైపుకు నెడితే పడవ ఒరుగుతుంది. దానిని నిలబెట్టడానికి నావికుడు పాదాలను పట్టీ కింద బిగించి, తొడల బలంతో దేహాన్ని మొత్తం నీటి పైకి వాల్చాలి. గాలి దిశ మారిన ప్రతిసారీ తెరచాప కొయ్య కింద నుండి వంగి అవతలి పక్కకు దూకాలి. అంటే లేజర్‌లో పడవను నిలిపే బరువు నావికుడి దేహమే. కాళ్లు, నడుము సహకరించని మనిషిని ఈ పడవ మొదటి నిమిషంలోనే నీటిలో పడవేస్తుంది.

2.4 మీటర్ తరగతి అనే మరో ఒంటరి పడవ పొడవు కూడా ఇంచుమించు అంతే. బరువు మాత్రం సుమారు 260 కిలోలు. అందులో 180 కిలోల వరకు పడవ అడుగున కీల్‌లో దింపిన సీసమే. ఒరిగినా తనంతట తానే లేచి నిలబడే పడవ ఇది. నావికుడు ముందుకు చూస్తూ పడవ లోపల నీటిమట్టానికి దగ్గరగా కూర్చుంటాడు. కదలవలసిన అవసరం లేదు. తెరచాపలను బిగించే, వదిలే తాళ్లన్నీ కప్పీల మీదుగా అతని చేతికి అందేచోటికి వస్తాయి. చుక్కానిని పాదాలతో తిప్పే ఏర్పాటు ఉంది. కాళ్లు పనిచేయకపోతే చేతి పిడి. రెండు పడవలు, ఒకే పొడవు. ఒకదానిలో దేహం చేసే పనిని మరొకదానిలో సీసం చేస్తుంది. అనుకూలనం అన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మరొక క్రీడలో దొరకడం కష్టం.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటుంది. లేజర్‌ను గీసిన బ్రూస్ కిర్బీయే 1980 ప్రాంతంలో సోనార్ అనే ఏడు మీటర్ల కీల్ పడవనూ గీశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో లేజర్ తొలిసారి ప్రవేశించింది. అదే ఏడాది, అదే నగరపు పారాలింపిక్స్‌లో సోనార్ ప్రదర్శనా క్రీడగా వచ్చింది. ఆ పారాలింపిక్ పోటీ జరిగింది సముద్రంలో కాదు, లేనియర్ అనే మానవ నిర్మిత జలాశయంలో. 1560లలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు ఒడ్డున నివసించేవారికి ఈ వివరం ఉపేక్షించదగినది కాదు. సముద్రం లేని నగరమన్న సాకు అక్కడే తేలిపోతుంది. ఆ పోటీలో గెలిచిన బ్రిటిష్ జట్టు నాయకుడు ఆండీ కాసెల్ పుట్టుకతోనే కాళ్ల వైకల్యం ఉన్నవాడు. తెరచాపలు కుట్టడం అతని వృత్తి.

2000 సిడ్నీ నుండి సెయిలింగ్ పతకాల క్రీడ అయింది. సోనార్‌లో ముగ్గురు నావికులు. ప్రతి నావికుడికి వైకల్య తీవ్రతను బట్టి 1 నుండి 7 వరకు అంకె ఇస్తారు. తీవ్రత ఎక్కువైతే అంకె తక్కువ. జట్టు మొత్తం 14 దాటకూడదు. స్వల్ప వైకల్యం ఉన్న ముగ్గురిని ఎంచుకొని గెలవాలనుకునే జట్టుకు ఈ లెక్క అడ్డుకట్ట: 7, 6 అంకెల వారిద్దరిని తీసుకుంటే మూడో స్థానం తప్పనిసరిగా తీవ్ర వైకల్యం ఉన్న వ్యక్తిదే. 2008 నుండి వచ్చిన స్కడ్ 18 అనే ఇద్దరి పడవలో ఒకరు అత్యంత తీవ్ర వైకల్యం గలవారై ఉండాలి, ఇద్దరిలో ఒకరు స్త్రీ కావాలి. పడవలో చేసిన మార్పు ఎంత ముఖ్యమో నియమంలో చేసిన మార్పూ అంతే ముఖ్యమని ఈ ఏర్పాట్లు తెలుపుతాయి. 2008లో ఆ తరగతి స్వర్ణాన్ని మౌరీన్ మెకిన్నన్-టక్కర్‌తో కలిసి గెలిచిన అమెరికన్ నిక్ స్కాండోన్ కండరాలను క్రమంగా చచ్చుబరిచే నాడీవ్యాధితో బాధపడుతూ 2009 జనవరిలో మరణించాడు.

పతకాల వెలుపల జరిగిన పని మరింత విశాలమైనది. ఆస్ట్రేలియాలో క్రిస్ మిచెల్ 1990లలో తయారుచేసిన చిన్న పడవలు మొదట యాక్సెస్ అన్న పేరుతో, తరువాత హాన్సా అన్న పేరుతో వ్యాపించాయి. ఊయల వంటి గుడ్డ సీటులో కిందికి కూర్చొని, ఎదురుగా ఉన్న కర్రతో చుక్కానిని నడిపే పడవలివి. చేతి బలం లేనివారికి విద్యుత్ మోటారు ఆ పని చేస్తుంది. చేతులు కూడా కదలని స్థితిలో ఉన్న ఇంగ్లండు నావికురాలు హిలరీ లిస్టర్ 2005లో గొట్టాలలోకి ఊదుతూ, పీలుస్తూ పడవను నడిపి ఇంగ్లిష్ చానల్‌ను ఒంటరిగా దాటింది. 2009లో బ్రిటన్‌ను చుట్టివచ్చింది. అక్కడ పడవను నడిపింది శ్వాస. ‘ఎంత వైకల్యం ఉంటే నడపలేరు?’ అన్న ప్రశ్న ఆమె తరువాత అర్థం కోల్పోయింది.

4. సైన్యం దారిన నీటి వైపు

భారతదేశంలో గాయపడిన దేహం నీటి క్రీడ వద్దకు చేరిన దారిని పరిశీలిస్తే అది తార్నాక మీదుగా పోదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ మీదుగా పోతుంది. దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చిన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలోని ఇ.ఎం.ఇ. విభాగపు జవాను, సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ.లో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాల గాయాలతో వైకల్యం పొందిన తరువాత ఈతకు మళ్లి, 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 37.33 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. పద్మశ్రీ అతనికి అందింది 2018లో. నలభై ఆరేళ్ల ఆ విరామం భారత క్రీడా వ్యవస్థ వైకల్యాన్ని ఎలా చూసిందో చెప్పడానికి చాలు.

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలను పోషించినది కూడా ప్రధానంగా ఆ ఇ.ఎం.ఇ. విభాగమే. దాని సెయిలింగ్ సంఘం, లేజర్ సంఘంతో కలిసి హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌ను నిర్వహిస్తూ వచ్చింది. దేశపు మొదటి పారాలింపిక్ విజేతను తన బాక్సింగ్ బరిలో చూసిన విభాగం, చెరువు మీద పడవలు నడిపిన విభాగం ఒకటే. ఆ రెండూ కలిసే అవకాశం అక్కడ ఎక్కడికన్నా ఎక్కువగా ఉండింది. అయినా సైనిక క్రీడా సంస్కృతి కోరేది ఒలింపిక్ తరగతుల పతకం. ఒలింపిక్ తరగతి అంటే లేజర్. లేజర్ అంటే తొడల బలం. పడవ ఎంపికలోనే ఎవరు బయట ఉండాలో నిర్ణయమైపోయింది.

2009లో సుహీమ్ షేక్ స్థాపించిన హైదరాబాద్ యాట్ క్లబ్ ఈ సంస్కృతిని ఒక దిశలో మార్చింది. పేద కుటుంబాల, ప్రభుత్వ గురుకులాల పిల్లలకు పడవ చేతికివ్వడం ద్వారా అది సంపన్నుల, సైనికాధికారుల క్రీడ మాత్రమే కాదని నిరూపించింది. వర్గపు గోడను దాటించిన ఈ అనుభవం అనుకూలిత సెయిలింగ్ చర్చకు ముఖ్యం: అడ్డంకి నీటిది కాదని, ప్రవేశ నియమాలదని అది చూపింది.

సమీప క్రీడ అయిన తెడ్ల పడవ పోటీలో తెలుగువారికి ఇటీవలి ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు కొంగనపల్లె నారాయణ జమ్మూ కాశ్మీర్‌లో మందుపాతర పేలుడులో కాలు కోల్పోయాడు. పుణెలోని సైనిక రోయింగ్ కేంద్రంలో శిక్షణ పొంది, అనితతో కలిసి 2023 హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం సాధించాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఈ జంట ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఇక్కడా దారి సైన్యానిదే. యుద్ధంలో గాయపడినవారికి ఒక సంస్థ ఉంది. ఫ్లోరైడ్ నీటి వల్ల కాళ్లు వంగిన నల్లగొండ కుర్రవాడికి అటువంటి సంస్థ లేదు. వైకల్యం ఒకటే అయినా దాని కారణం మనిషి గమ్యాన్ని నిర్ణయించింది.

5. లెక్కల్లో ఓడిన క్రీడ

2015 జనవరి చివర అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ 2020 టోక్యో క్రీడల జాబితాను ప్రకటించింది. సెయిలింగ్, ఏడుగురి ఫుట్‌బాల్ తొలగిపోయాయి. బ్యాడ్మింటన్, తైక్వాండో వచ్చాయి. సెయిలింగ్‌ను తొలగించడానికి చెప్పిన కారణం ప్రపంచవ్యాప్తి చాలకపోవడం. వ్యక్తిగత క్రీడలైతే కనీసం 32 దేశాలలో, మూడు ఖండ ప్రాంతాలలో క్రమం తప్పకుండా సాగుతూ ఉండాలన్నది నియమం. తిరిగి చేరే ప్రయత్నాలు ఫలించలేదు; 2028 లాస్ ఏంజిలిస్ జాబితాలో కొత్తగా చోటు దొరికింది పర్వతారోహణను పోలిన క్లైంబింగ్‌కు.

ఈ నిర్ణయాన్ని అన్యాయమని నిందించినవారు ఎక్కువ. లెక్క అయితే తప్పు కాదు. తప్పు అంతకు ముందే జరిగింది. సోనార్, స్కడ్, 2.4 మీటర్ పడవలు అన్నీ ఖరీదైన కీల్ పడవలు. వాటిని కొని, దిగుమతి చేసుకొని, క్రేన్లతో నీటిలోకి దించగలవి సంపన్న దేశాలే. హాన్సా వంటి చవకైన, సులభమైన పడవ అప్పటికే ఉన్నా దానిని పతకాల తరగతిగా ఎన్నుకోలేదు. ప్రపంచ సంఘం తన పారా ఛాంపియన్‌షిప్‌లో హాన్సా 303ను 2017లో ప్రవేశపెట్టింది, అంటే ఓడిన తరువాత. తెరచాప పడవ పోటీ వంద సంవత్సరాలకు పైగా యూరప్ క్లబ్బుల వ్యవహారంగా ఉన్న అలవాటు పారా క్రీడలోనూ కొనసాగింది. 32 అన్న అంకెకు తగ్గిన దేశాల్లో భారతదేశం ఒకటి. భారతదేశపు ఖాళీలో హుస్సేన్‌సాగర్ వంటి చెరువులు ఉన్నాయి. హైదరాబాద్ ఆ క్రీడను కోల్పోవడమే కాదు, ఆ క్రీడ హైదరాబాద్ వంటి నగరాలను చేరుకోలేక తానూ నష్టపోయింది.

అదే ప్రకటనలో లోపలికి వచ్చిన బ్యాడ్మింటన్ ఇందుకు పోలిక. 2011 రోడ్డు ప్రమాదంలో ఎడమకాలు కోల్పోయిన మానసి జోషి హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొంది 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పటికే ఒలింపిక్ పతకాలు అందించిన అకాడమీ తన కోర్టును, తన శిక్షకులను ఆమెకు ఇచ్చింది. కొత్త స్టేడియం అవసరం పడలేదు. ఆమె విభాగపు మహిళల సింగిల్స్ టోక్యో జాబితాలో లేకపోవడం మరో కథ. క్రీడ ఒక నగరంలో వేళ్లూనుకొని ఉంటే, తలుపు తెరవడానికి అయ్యే ఖర్చు తక్కువేనని ఈ ఉదాహరణ తెలుపుతుంది. హైదరాబాద్‌లో సెయిలింగ్ కూడా వేళ్లూనుకొని ఉన్న క్రీడే.

6. ఒడ్డు

సెయిలింగ్‌లో పడవ కన్నా కష్టమైనది ఒడ్డు. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి పడవలో కూర్చోవాలంటే రోడ్డు నుండి నీటి దాకా మెట్టు లేని ఏటవాలు దారి, నీటి మట్టంతో పాటు లేచి దిగే తేలియాడే వేదిక, మనిషిని కుర్చీ నుండి ఎత్తి పడవలోకి దింపే చేతి క్రేను కావాలి. వేసవిలో నీరు తగ్గి వానాకాలంలో పెరిగే చెరువుకు స్థిరమైన రాతి మెట్లకన్నా తేలియాడే వేదికే అందరికీ మేలు. చీర కట్టుకున్న ముసలామెకైనా, చంటిబిడ్డతో ఉన్న తల్లికైనా అది పనికివస్తుంది.

భారతదేశం 2007లో ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 1995 చట్టం కన్నా ఇది ముందుకు వెళ్లిన చోట్లలో 30వ సెక్షన్ ఒకటి. క్రీడా సౌకర్యాలను వికలాంగుల కోసం పునఃరూపకల్పన చేయాలని, అందుకు సాంకేతికతను అభివృద్ధి చేయాలని, నిధులు కేటాయించాలని అది ప్రభుత్వాన్ని ఆదేశిస్తుంది. ‘అన్ని క్రీడా కార్యకలాపాలు’ అన్న మాటలో తెరచాప పడవ కూడా ఉంది. అదే సెక్షన్ క్రీడా సంస్థలు తమ పథకాల్లో వికలాంగులకు చోటు కల్పించాలని కూడా చెబుతుంది. అంటే బాధ్యత సంక్షేమ శాఖ ఒక్కదానిది కాదు.

చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదే, 2017 నవంబరులో, నాగోల్ నుండి అమీర్‌పేట మీదుగా మెట్రో నడవడం మొదలయింది. తార్నాక స్టేషన్‌లో లిఫ్టు ఉంది. విశ్వవిద్యాలయంలో చదివే చక్రాల కుర్చీ విద్యార్థి అక్కడ ఎక్కి మెట్టుగూడ, సికింద్రాబాద్ దాటి రసూల్‌పురాలో లిఫ్టులోనే దిగవచ్చు. సాగర్ ఉత్తరపు ఒడ్డు అక్కడికి దగ్గర. ఆ ఒడ్డు నుండి పడవ దాకా మిగిలిన దారిలో చెరువు పరిసరాలు నగరాభివృద్ధి సంస్థ చేతిలో, శిక్షణ క్రీడా ప్రాధికార సంస్థ పరిధిలో, వైకల్య ధ్రువపత్రాలు సంక్షేమ యంత్రాంగం వద్ద, పడవలు సైనిక, ప్రైవేటు క్లబ్బుల చేతిలో ఉన్నాయి.